కలుషితమైన నేల: కొలవడం ఎలా, బాగుచేయడం ఎలా

పాత పరిశ్రమల స్థలాలు, చెత్త పూడ్చిన గుంటలు, రసాయనాలు ఒలికిన గోదాముల కింది నేల గురించి పాఠకులు పంపిన ఉత్తరాల్లో ఏడు ప్రశ్నలను ఈసారి ఎంచుకున్నాం. ఒకే సందేహాన్ని పలువురు అడిగిన చోట వాటిని కలిపి ఒకే ప్రశ్నగా రాశాం.

ప్రశ్న: మేము కొనాలనుకుంటున్న స్థలంలో చాలా ఏళ్ల క్రితం పాత బ్యాటరీలను పగలగొట్టి సీసం తీసేవారట. మట్టి పరీక్ష చేయిస్తే ఒక ప్రయోగశాల కిలో మట్టికి 180 మిల్లీగ్రాముల సీసం ఉందని చెప్పింది. అదే మూల నుంచి తీసిన మట్టిని మరో ప్రయోగశాలకు పంపితే 940 అని వచ్చింది. ఎవరిది తప్పు?

జవాబు: ఇద్దరి లెక్కా సరైనదే అయి ఉండవచ్చు. తేడా కొలతలో కాక, అంతకుముందే, పరీక్షకు మట్టిని ఎంచి తీయడంలోనే పుట్టి ఉంటుంది. అన్నం ఉడికిందో లేదో తెలుసుకోవడానికి ఒక్క మెతుకు పట్టి చూస్తే చాలంటాం. మెతుకులన్నీ ఒకే నీటిలో, ఒకే వేడికి ఉడుకుతాయి కనుక అది చెల్లుతుంది. నేలకు ఆ సూత్రం వర్తించదు. బ్యాటరీలు పగలగొట్టిన చోట సీసం మట్టిలో సమంగా కలిసిపోదు. పలకల ముక్కలుగా, రేణువులుగా, బూడిదరంగు ముద్దలుగా అక్కడక్కడ చిక్కుకుని ఉంటుంది. ప్రయోగశాలలో ఆమ్లంతో కరిగించేది సాధారణంగా ఒక గ్రాము మట్టి మాత్రమే. అందులో అర మిల్లీమీటరు వ్యాసమున్న ఒకే ఒక్క సీసపు రేణువు పడిందనుకోండి. దాని బరువు ముప్పావు మిల్లీగ్రాము దాకా ఉంటుంది. ఆ ఒక్క రేణువే నివేదికలోని అంకెను కిలోకు 750 మిల్లీగ్రాముల మేర పెంచేస్తుంది. మీ రెండు నివేదికల మధ్య తేడా దాదాపు అంతే ఉండడం గమనించండి.

వెయ్యి చదరపు మీటర్ల స్థలంలో పై 30 సెంటీమీటర్ల మట్టి సుమారు 400 టన్నులు తూగుతుంది. అంటే 40 కోట్ల గ్రాముల మట్టి గురించి ఒక్క గ్రాము చూసి తీర్పు చెబుతున్నాం. గనుల్లో ఖనిజపు నాణ్యత తేల్చడంలో ఇదే చిక్కు ఎదురై, ఫ్రాన్సుకు చెందిన పియర్ గీ 1950ల నుంచి నమూనా సేకరణకు ఒక గణిత సిద్ధాంతాన్నే నిర్మించారు. ఇప్పుడు కలుషిత నేలల పరిశీలనలో బాగా వ్యాపిస్తున్న ‘ఇంక్రిమెంటల్ శాంప్లింగ్’ పద్ధతికి ఆ సిద్ధాంతమే పునాది.

ఆ పని ఇలా జరుగుతుంది. ముందుగా, ఏ జాగా గురించి నిర్ణయం తీసుకోవాలో దాని హద్దులు గీస్తారు. ఆ హద్దుల లోపల 30 నుంచి 100 బిందువులను క్రమబద్ధంగా గుర్తించి, ప్రతి బిందువు దగ్గరా ఒకే లోతుకు గొట్టం దింపి, ఒకే పరిమాణంలో మట్టి తీసి, అంతటినీ ఒకే సంచిలో వేస్తారు. దాన్ని ఆరబెట్టి, జల్లించి, పళ్లెంలో పలుచగా పరిచి, మళ్లీ ముప్పై చోట్ల నుంచి చిటికెడు చిటికెడు తీసి పరీక్షకు పంపుతారు. ఇక్కడితో ఆపకుండా మొత్తం పనిని వేర్వేరు బిందువులతో మరో రెండుసార్లు చేస్తారు. మూడు ఫలితాలూ దగ్గరగా వస్తే ఆ సగటును నమ్మవచ్చు. దూరంగా వస్తే ఎంతవరకు నమ్మాలో ఆ దూరమే చెబుతుంది. నాకు ఈ పద్ధతిలో అన్నిటికంటే నచ్చినది ఇదే: తన అనిశ్చితిని తానే కొలిచి చూపిస్తుంది.

అయితే సగటు ఒక చిన్న ముద్దను దాచేయగలదు. అందుకని ముందుగా చేతిలో పట్టుకునే ఎక్స్‌రే ఫ్లోరెసెన్స్ పరికరంతో స్థలమంతా తిరిగి చూడడం మంచిది. నేలకు ఆనించి నిమిషం పట్టుకుంటే అది సీసం, జింకు, రాగి వంటి లోహాల అంకెలు చూపిస్తుంది. ఒక్క రోజులో వందకు పైగా బిందువులు చూడవచ్చు కనుక, ముద్ద ఎక్కడుందో సాయంత్రానికి పటం మీద తేలుతుంది. ఆ పరికరానికీ పరిమితులున్నాయి. మట్టి తడిగా ఉంటే అంకె తక్కువగా చూపిస్తుంది. సీసం, ఆర్సెనిక్ విడుదల చేసే ఎక్స్‌రే కిరణాల శక్తి దాదాపు ఒకటే కావడంతో, సీసం బాగా ఉన్నచోట ఆర్సెనిక్ లెక్కను అది నమ్మకంగా చెప్పలేదు. కాబట్టి దాని ఫలితాల్లో కొన్నిటిని ప్రయోగశాలలో సరిచూడక తప్పదు. మీ విషయంలో నా సలహా: ఆ రెండు నివేదికల్లో దేనినీ ఆధారంగా తీసుకోకండి, స్థలాన్ని ఈ పద్ధతిలో మళ్లీ పరీక్షించిన తరవాతే కొనుగోలు మాట ఎత్తండి.

ప్రశ్న: మా పెరటి మట్టిలో సీసం పరిమితికి మించి ఉందని నివేదిక వచ్చింది. అంటే మేము ఇప్పటికే విషం తింటున్నట్టా? పరిమితిలోపు వచ్చిన పొరుగువారు నిశ్చింతగా ఉండవచ్చా?

జవాబు: రెండు ప్రశ్నలకూ ‘అవును’ అని చెప్పలేను. నివేదికలో పరిమితి పేరుతో ఉండే అంకె చాలా సందర్భాల్లో వడపోత అంకె. అది దాటితే ఇంకా లోతుగా చూడాలని అర్థం. ఆ అంకె కూడా విజ్ఞానంతో పాటు మారుతుంది. అమెరికా పర్యావరణ సంస్థ ఇళ్ల దగ్గరి మట్టిలో సీసానికి 1994 నుంచి కిలోకు 400 మిల్లీగ్రాములను వడపోత అంకెగా పెట్టుకుంది. 2024 జనవరిలో దాన్ని 200కు తగ్గించింది. ఆ మధ్యకాలంలో పిల్లల మెదడు ఎదుగుదలపై అతి తక్కువ మోతాదు సీసం కూడా చూపే ప్రభావం గురించి మన ఎరుక పెరగడమే దీనికి కారణం. నిన్నటి దాకా 300 అంకెతో సురక్షితమనిపించుకున్న పెరడు ఒక్క రోజులో అనుమానితమైంది. మట్టి మాత్రం మారలేదు.

లోతుగా చూడడమంటే మూడు విషయాలను జతచేసి చూడడం: విషం ఎక్కడుంది, ఏ దారిన కదులుతుంది, ఎవరికి చేరుతుంది. వీటిలో ఏ ఒక్కటి తెగినా ఆ ప్రమాదం ఉండదు. సీసమున్న మట్టి గట్టి కాంక్రీటు కింద ఉంటే అది చేతికి అంటదు, దుమ్ముగా లేవదు. అదే మట్టి పాకే పిల్లవాడు ఆడుకునే చోట ఉంటే, నోట్లో పెట్టుకునే వేళ్ల ద్వారా రోజూ లోపలికి వెళ్తుంది. అంకె ఒకటే, ప్రమాదం వేరు. ఈ మూడింటినీ ఒకే పటంలో చూపే చిత్రాన్ని నిపుణులు ‘కాన్సెప్చువల్ సైట్ మోడల్’ అంటారు. మీ నివేదికలో ఆ చిత్రం లేకపోతే, పరీక్ష జరిగిందే కానీ మదింపు ఇంకా జరగలేదని గ్రహించండి.

ఇంకొక మెట్టు ఉంది. మట్టిలోని సీసమంతా శరీరం పీల్చుకోదు. గనుల దగ్గర దొరికే గలీనా అనే సీసపు సల్ఫైడ్ కడుపులోని ఆమ్లంలో అంత తేలికగా కరగదు. పాత రంగుల్లోని సీసపు కార్బొనేట్, పరిశ్రమల నుంచి వచ్చే ఆక్సైడ్ బాగా కరుగుతాయి. దీన్ని కొలిచే పరీక్షను నేను దగ్గరుండి చూశాను. మట్టిని జల్లించి, 150 మైక్రాన్లకంటే సన్నని పొడిని మాత్రమే తీసుకుంటారు, ఎందుకంటే చేతి చర్మానికి అంటుకునేది ఆ పొడే. ఒక గ్రాము పొడిని 100 మిల్లీలీటర్ల ద్రవంలో వేస్తారు. ఆ ద్రవం గ్లైసిన్ కలిపిన ఆమ్ల ద్రావణం, పీహెచ్ 1.5, అంటే పరగడుపున ఉన్న పిల్లవాడి కడుపులాంటిది. ఆ ద్రవమున్న బుడ్డిని 37 డిగ్రీల వేడిలో, తలకిందులుగా దొర్లే చక్రానికి బిగించి గంటసేపు తిప్పుతారు. తరవాత వడకట్టి, ద్రవంలోకి ఎంత సీసం దిగిందో కొలుస్తారు. ఒకే మొత్తం సీసమున్న రెండు మట్టుల్లో ఒకదాని నుంచి కొద్ది భాగమే దిగితే, మరొకదాని నుంచి చాలా భాగం దిగవచ్చు. మీ పెరటికి సంబంధించి నిర్ణయించవలసినది ఇలా ద్రవంలోకి దిగిన సీసపు అంకెతోనే. పొరుగువారి అంకె పరిమితికి కాస్త లోపల ఉండి, ఇంట్లో పాకే బిడ్డ ఉంటే, వారు కూడా ఈ పరీక్ష చేయించుకోవాలనే నేను కోరుతాను.

ప్రశ్న: ఇంత లెక్క ఎందుకు? పాడైన మట్టిని తవ్వి దూరంగా పారేసి, మంచి మట్టి నింపితే సరిపోదా?

జవాబు: చాలామంది మనసులో మొదట వచ్చే ఆలోచన ఇదే. ప్రభుత్వాలు కూడా అలాగే మొదలుపెట్టాయి. అమెరికాలో నయాగరా ఫాల్స్ నగరంలోని లవ్ కెనాల్ అనే పాత కాలువలో ఒక రసాయన కంపెనీ 1940ల నుంచి 1950ల తొలినాళ్ల వరకు దాదాపు 21,000 టన్నుల వ్యర్థాలు పూడ్చింది. 1953లో ఆ స్థలాన్ని ఒక్క డాలరుకు పాఠశాలల బోర్డుకు రాసిచ్చింది. అక్కడ బడి కట్టారు, చుట్టూ ఇళ్లు లేచాయి. 1978లో అత్యవసర పరిస్థితి ప్రకటించి కుటుంబాలను తరలించవలసి వచ్చింది. కలుషిత స్థలాలను శుభ్రం చేయించడానికి 1980లో వచ్చిన సూపర్‌ఫండ్ చట్టానికి ఆ ఉదంతమే ప్రధాన ప్రేరణ. అదే 1980లో నెదర్లాండ్స్‌లోని లెక్కర్‌కెర్క్ అనే ఊళ్లో సుమారు 270 ఇళ్లు రసాయన వ్యర్థాలతో పూడ్చిన కాలువల మీద కట్టినవని బయటపడింది. ఇళ్లు ఖాళీ చేయించి, కింద మట్టి తవ్వి తీశారు. ఆ దిగ్భ్రాంతిలో డచ్ ప్రభుత్వం, కలుషితమైన ఏ నేలనైనా ఎలాంటి వినియోగానికైనా పనికివచ్చేంతగా శుభ్రం చేయాలనే విధానాన్ని పెట్టుకుంది.

ఉద్దేశం గొప్పదే. అయితే ఆ తరవాత కలుషిత స్థలాల జాబితా పెరుగుతూ పోయింది, డబ్బు ఆ వేగంతో పెరగలేదు, అనేక స్థలాలు ఏ పనీ జరగక అలాగే మిగిలాయి. 1990ల చివరికి ఆ దేశం, నేలను ఏ పనికి వాడబోతున్నారో దానికి తగినంత శుభ్రపరచడమనే విధానానికి మారింది. ఇది రాజీయే కదా అని కొందరు అంటారు. కొంతవరకు నిజమే, వినియోగం మారితే మదింపు మళ్లీ చేయాలన్న షరతు లేకపోతే అది ప్రమాదకరమైన రాజీ కూడా. కానీ ఐరోపా సమాఖ్యలోనే కలుషితమై ఉండవచ్చని అంచనా వేసిన స్థలాలు 28 లక్షలు. అన్నిటినీ తవ్వి ఎక్కడికి తీసుకెళ్తారు?

తవ్విన మట్టి మాయం కాదు. లారీల్లో వేరే ఊరి పూడిక గుంటకు వెళ్తుంది. దారిలో దుమ్ము లేస్తుంది, డీజిల్ కాలుతుంది, దాని స్థానంలో నింపడానికి మరెక్కడో మంచి నేలను గీకవలసి వస్తుంది. పై మట్టి ఏర్పడడానికి శతాబ్దాలు పడుతుంది. దాన్ని కేవలం పూడికగా చూడడం నాకు ఎప్పుడూ బాధ కలిగిస్తుంది. అందుకే ఇప్పుడు, ఒక పద్ధతిని ఎంచుకునే ముందు అది తొలగించే హానిని, అది కలిగించే హానిని ఒకే త్రాసులో వేసి చూడాలంటున్నారు. దీనికి 2017లో ఐఎస్ఓ 18504 అనే అంతర్జాతీయ ప్రమాణం కూడా వచ్చింది. బాగా ముదిరిన ముద్దలను, కారుతున్న పీపాలను తవ్వి తీయవలసిందే, అందులో సందేహం లేదు. వాటి చుట్టూ విస్తారంగా, పలుచగా పరుచుకున్న కాలుష్యానికి మాత్రం ఉన్నచోటనే కట్టడి చేసే మార్గాలు చాలాసార్లు మేలు.

ఉదాహరణకు, సీసమున్న మట్టిలో ఫాస్ఫేటు కలిపితే పైరోమార్ఫైట్ అనే ఖనిజం ఏర్పడుతుంది. అది నీటిలో దాదాపు కరగదు. సీసం అక్కడే ఉంటుంది, శరీరానికి దొరకడం మాత్రం తగ్గుతుంది. అయితే అదే మట్టిలో ఆర్సెనిక్ కూడా ఉంటే కథ అడ్డం తిరుగుతుంది: మట్టి రేణువులను అంటిపెట్టుకున్న ఆర్సెనిక్‌ను ఫాస్ఫేటు తోసేసి ఆ చోటును తాను ఆక్రమిస్తుంది, ఆర్సెనిక్ నీటిలోకి దిగుతుంది. ఒక విషానికి మందు మరో విషానికి వాహనమవుతుంది. మట్టిలో ఏమేం ఉన్నాయో పూర్తిగా తెలియకుండా ఎవరైనా సంచుల్లో మందు తెచ్చి చల్లుతామంటే ఒప్పుకోవద్దని చెప్పేది అందుకే.

ప్రశ్న: కొన్ని మొక్కలు మట్టిలోని విషాన్ని పీల్చేస్తాయని చదివాను. మొక్కలు నాటితే నేల బాగుపడుతుందా?

జవాబు: పీల్చే మొక్కలున్న మాట నిజం. టెరిస్ విట్టాటా అనే ఫెర్న్ ఆర్సెనిక్‌ను విపరీతంగా కూడబెట్టుకుంటుందని 2001లో వెల్లడైంది. ఆర్సెనిక్ కలిపిన మట్టిలో పెంచినప్పుడు, ఎండిన ఆకుల కిలోకు 20 గ్రాములకు పైగా ఆర్సెనిక్ చేరింది. ఇక లెక్క వేద్దాం. ఒక హెక్టారులో పై 30 సెంటీమీటర్ల మట్టి దాదాపు 4,000 టన్నులు. అందులో ఆర్సెనిక్‌ను కిలోకు 50 మిల్లీగ్రాముల మేర తగ్గించాలంటే మొత్తం 200 కిలోల ఆర్సెనిక్ బయటికి రావాలి. ఏటా 10 టన్నుల ఎండు ఆకు దిగుబడి వచ్చి, ఆరుబయటి నేలలో కిలోకు 2 గ్రాములు చేరుతుందనుకుంటే, ఏడాదికి 20 కిలోలు. అంటే పదేళ్లు, అదీ ప్రతి ఏడూ అంతే పీల్చగలిగితే. కోసిన ఆకును మళ్లీ ప్రమాదకర వ్యర్థంగా జాగ్రత్త చేయాలి.

సీసం విషయంలో ఆశ ఇంకా తక్కువ, ఎందుకంటే అది మట్టిని గట్టిగా పట్టుకుని ఉంటుంది, వేరులోకి చేరినా పైకి ఎక్కదు. మొక్కలు నిజంగా చేసిపెట్టే మేలు వేరొకటి ఉంది. దట్టమైన గడ్డి, లోతైన వేళ్లు నేలను కదలకుండా పట్టి ఉంచుతాయి. దుమ్ము లేవదు, వాన నీటికి కోసుకుపోదు. విషాన్ని తీయడం కంటే దాని దారిని మూయడానికి మొక్కలను నమ్ముకోవడం మంచిది.

ప్రశ్న: నేను పర్యావరణ ఇంజనీరింగ్ విద్యార్థిని. లోహాలను శుభ్రం చేసే ద్రావకం ఒలికిన ఒక స్థలం నివేదికలో ‘సహజ క్షీణతను పర్యవేక్షించడం’ అనే పద్ధతిని సిఫార్సు చేశారు. ఏమీ చేయకపోవడానికి ఇది గౌరవప్రదమైన పేరా?

జవాబు: కాలుష్యాన్ని ప్రకృతే తగ్గించేలా వదిలి, అది తగ్గుతోందో లేదో కొలుస్తూ ఉండడమే ఈ పద్ధతి. పర్యవేక్షణ బలహీనంగా ఉంటే మీ అనుమానమే నిజమవుతుంది. సరిగ్గా చేస్తే మాత్రం ఇది రుజువులు కోరే పద్ధతి. ట్రైక్లోరోఇథిలీన్ అనే ద్రావకాన్నే తీసుకోండి. ప్రాణవాయువు లేని భూగర్భ జలంలో కొన్ని సూక్ష్మజీవులు దాని నుంచి క్లోరిన్ పరమాణువులను ఒక్కొక్కటిగా ఊడదీస్తాయి. చివరి క్లోరిన్ కూడా పోతే హానిలేని ఇథీన్ మిగులుతుంది. చాలా సూక్ష్మజీవులు సగం దారిలో ఆగిపోతాయి. చివరి మెట్టు వరకు తీసుకెళ్లగలవని తెలిసినవి ప్రధానంగా డీహాలోకాక్కాయిడిస్ అనే జాతి బ్యాక్టీరియా. వాటిలో మొదటిదాన్ని విడిగా పెంచి 1997లో ప్రకటించారు. అవి లేని చోట మార్పు మధ్యలో నిలిచిపోయి వినైల్ క్లోరైడ్ పేరుకుంటుంది. అది నిర్ధారితమైన క్యాన్సర్ కారకం. అంటే మొదటి రసాయనం తగ్గిందని సంతోషిస్తున్న సమయంలోనే అంతకంటే చెడ్డది తయారవుతూ ఉండవచ్చు.

కాబట్టి ఆ నివేదికను చేతిలోకి తీసుకుని మూడు విషయాలు వెతకండి. మొదటిది, బావుల నీటిలో డీహాలోకాక్కాయిడిస్ జన్యువులను, ముఖ్యంగా వినైల్ క్లోరైడ్‌ను విరిచే ఎంజైమ్ జన్యువును లెక్కించారా? రెండోది, కార్బన్ ఐసోటోపుల, అంటే బరువులో తేడా ఉన్న కార్బన్ పరమాణువుల నిష్పత్తి కొలిచారా? సూక్ష్మజీవులు తేలికైన కార్బన్ ఉన్న అణువులను ముందుగా విరుస్తాయి కనుక, మిగిలిన ద్రావకంలో బరువైన కార్బన్ పాలు పెరుగుతుంది. నీటిలో పలచబడడం వల్ల మాత్రమే గాఢత తగ్గితే ఆ నిష్పత్తి మారదు. నిజంగా విరిగిందా, పలచబడి కనపడకుండా పోయిందా అనేది తేల్చే కొలత ఇది. మూడోది, ఇథీన్ కనిపించిందా?

వీటికి తోడు, ఆ స్థలం మీదో పక్కనో భవనాలుంటే, ద్రావకపు ఆవిరి నేల పగుళ్లలోంచి గదుల్లోకి ఎక్కుతోందేమో చూడాలి. నీటిలో క్షీణత పదిహేనేళ్లు పట్టవచ్చు. గదిలో ఉన్నవారు అప్పటిదాకా ఆ గాలి పీలుస్తూ ఉండడానికి వీల్లేదు. ఈ నాలుగూ లేని సిఫార్సు మీ ముందుకు వస్తే సంతకం పెట్టకండి.

ప్రశ్న: అగ్నిమాపక శిక్షణ జరిగిన మైదానాల్లో ‘ఎప్పటికీ పోని రసాయనాలు’ ఉంటాయంటున్నారు. వాటికీ ఈ పద్ధతులు పనికివస్తాయా?

జవాబు: మంటలార్పే నురుగుల్లో వాడిన, పీఫాస్ అని పిలిచే ఆ రసాయనాల్లో కార్బన్, ఫ్లోరిన్‌ల బంధం చాలా గట్టిది. పైన చెప్పిన సూక్ష్మజీవుల మీద ఇక్కడ ఆశ పెట్టుకోలేం. మట్టి నుంచి నీటిలోకి దిగడమే వీటి ముఖ్యమైన దారి. తాగునీటిలో వీటిలోని ప్రధానమైన రెండింటికి అమెరికా 2024లో పెట్టిన పరిమితి లీటరుకు 4 నానోగ్రాములు. నీటిలో అంత చిన్న మోతాదుకు మించినా ఒప్పుకోరు కనుక, మట్టిలో మొత్తం ఎంత ఉందనే దానికంటే నీటిలోకి ఎంత దిగుతోందనే పరీక్ష ఇక్కడ కీలకం. ఉత్తేజిత కర్బనం కలిపి మట్టిలోనే పట్టి ఉంచడం ప్రస్తుతం ఎక్కువగా వాడుతున్న మార్గాల్లో ఒకటి. అది బంధించడమే, నాశనం చేయడం కాదు. కనుక భూగర్భ జలాన్ని దశాబ్దాల పాటు చూస్తూ ఉండాలి, ఆ ఖర్చును మొదటి రోజే లెక్కలో చేర్చాలి.

ప్రశ్న: నేను ఉపాధ్యాయురాలిని. మా బడి మైదానంలో సీసం ఉందని తేలింది. బాగుచేసే పని వచ్చే ఏడాది గానీ మొదలవదట. అప్పటిదాకా పిల్లలను ఎలా కాపాడుకోవాలి?

జవాబు: మట్టికీ పిల్లల నోటికీ మధ్య ఉన్న దారిని ఈ వారమే మూయండి. గడ్డి లేని చోట్ల, ముఖ్యంగా ఊయలలు, జారుడుబల్లల కింద మందపాటి గుడ్డ పరిచి, దానిమీద పరీక్షించిన శుభ్రమైన మట్టిని గానీ చెక్కపొట్టును గానీ ఒక జానెడు మందాన వేయించండి. గుడ్డ మళ్లీ పైకి కనిపించిందంటే పొర పలచబడిందని తెలుస్తుంది, అది చూసి మళ్లీ నింపించవచ్చు. ఆట నుంచి రాగానే సబ్బుతో చేతులు కడిగించండి. చేతులు శుద్ధిచేసే ద్రవాలు క్రిములను చంపుతాయే కానీ సీసాన్ని తొలగించవు. చెప్పులు తరగతి బయటే విడిపించి, గదులను పొడి చీపురుతో ఊడవకుండా తడిగుడ్డతో తుడిపించండి. చిన్న తరగతుల పిల్లల తల్లిదండ్రులతో మాట్లాడి రక్తంలో సీసం పరీక్ష చేయించమని చెప్పండి. ఆ ఫలితాలు, మైదానం పటం కలిపి బాగుచేసే బృందానికి అందిస్తే, ఏ మూల నుంచి పని మొదలుపెట్టాలో వారికి తెలుస్తుంది.